తువ్వాలు లేని బేరం

"ఇంటిపట్టున కూర్చోని వలిచేదే గదా, దానికేం కష్టమే?" అన్నాడు నరసింహ, గడపలో చెప్పులు విడుస్తూ.

ఆ మాట అనే వేళకు హులిగెమ్మ కుడిచేతి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుంటోంది. గోరు పక్కన చర్మం చిట్లి మూడు రోజులైంది. ఎడమచేత్తో ముడి వేయడం కుదరక పీలిక కొసను పళ్ళతో పట్టుకుని లాగుతోంది. నోట్లో గుడ్డ ఉన్న మనిషి జవాబు చెప్పలేదు కదా. నరసింహ కూడా జవాబు కోసం ఆగలేదు. చెంబుడు నీళ్ళు గటగటా తాగి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, అసలు సంగతి శుభవార్తలా చెప్పాడు.

"మండీలో రామకృష్ణ శెట్టికి ఇరవై మూటల విత్తనం ఒప్పుకోనొచ్చినా. ఇరవై దినాల్లో. వక్కాకు గూడా తీసుకున్యా, ఇంక మాట తిరగదు."

అది కర్నూలు రాజధాని అయిన రెండో ఎండాకాలం. అక్కడ ఆఫీసులకు ఇళ్ళు చాలక డేరాలు వేశారని, దొరల్లాంటి గుమాస్తాలు చెట్ల కింద వండుకుంటున్నారని కథలు కథలుగా చెప్పుకునేవారు. పత్తికొండకు రెండు క్రోసుల దూరంలో ఉన్న ఆ పల్లెకు మాత్రం రాజధాని వచ్చినా పోయినా ఎండాకాలంలో ఆడవాళ్ళ పని ఒకటే, విత్తనం వలవడం. వేరుశెనగను ఆ ఊళ్ళో బుడ్డలంటారు. నూనెకు పోయే బుడ్డల్ని ఎట్లా చితక్కొట్టినా అడిగేవాడు లేడు. నీళ్ళు చల్లి తొక్క మెత్తబడ్డాక కర్రలతో బాదితే గంటలో కుప్ప తేలుతుంది. విత్తనం అట్లా కాదు. పొడిగా, ఒక్కొక్క కాయ, చేత్తో వలవాలి. కొనను బొటనవేలితో నొక్కితే కాయ నోరు తెరుస్తుంది. లోపలి గింజ మీద పొర చిట్లకూడదు, మొలక వచ్చే కొస విరగకూడదు, తడి తగలకూడదు. తడి తగిలిన గింజ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, భూమిలో వేస్తే మాత్రం కుళ్ళిపోతుంది. పత్తికొండ మండీలో 'నరసింహ విత్తనం' అంటే పేరు. వందకు తొంభై మొలుస్తాయని చెప్పుకుంటారు. ఆ నరసింహ తన జన్మలో విత్తనానికని ఒక్క బుడ్డ వలిచిన పాపాన పోలేదు. ఆ పేరు వెనకాల ఉన్న బొటనవేళ్ళు రెండు, ఆ రెండూ హులిగెమ్మవి. అంతకుముందు ఆమె అత్త తిరుపతమ్మవి. ఆ ముసలామె వేళ్ళు ఇప్పుడు ఏ పనీ చేయకపోయినా ఏదో పట్టుకున్నట్టు వంకరగానే ఉంటాయి.

ఇక మండీలో బేరం సంగతి. అది నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చెయ్యీ చెయ్యీ కలిపి పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్ళు పట్టుకుని నొక్కుతారు, ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని. పైకి మాత్రం వానల గురించో, ఎద్దుల గురించో మాట్లాడుతుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్ళకు ఏం తెగిందో తెలియదు. అదే అందులో ఉన్న సుఖం. కానీ విత్తనం వలవబోయే మనిషికి కూడా తెలియదు, అదే అందులో ఉన్న అన్యాయం. పరాయి మగవాడి చెయ్యి తువ్వాలు కింద పట్టుకునే ఆడది ఆ తాలూకాలో లేదు. కాబట్టి ఆడది చేసే బేరమూ లేదు.

హులిగెమ్మ నోట్లోని గుడ్డ తీసింది. "ఇరవై మూటలు ఎవురు వలచాల?"

"ఎవురేంది? మనింట్లోనే."

"మనింట్లో అంటే నేనే. నన్నడిగినావా?"

నరసింహ నవ్వాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకు. "నిన్నడిగేదేందే? పొద్దున చెప్పే పోతి గదా, శెట్టికాడికి పోతాండానని. నువ్వేం పలకల్యా. పలకల్యా అంటే సరేననే గదా."

పలకల్యా. ఆ మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. ఆయన స్నానానికి పోయాడు, అత్త లోపలినుంచి ఉప్పు ఎక్కడుందని అడిగింది, ఎవరో వచ్చి చేట అడిగి పట్టుకుపోయారు. ఆమె మాత్రం అక్కడే, ఆ మాట దగ్గరే కూర్చుంది.

హులిగెమ్మ తండ్రి నారాయణ ఆదోనిలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. పొలం ఉన్న ఇంట పుట్టి, చదువు మీద మోజుతో పట్నానికి పోయినవాడు. కొడుకులు లేరు. సాయంత్రం కాగితాలు తిరగరాసుకుంటూ, పక్కన కూర్చున్న కూతురికి ఊరికే ఉండలేక అన్నీ చెప్పేవాడు. కాంట్రాక్టు చట్టం ఆయనకు మహా ఇష్టం. ఒక పెద్ద పుస్తకాన్ని అయిదు వేళ్ళలో పట్టించానని గర్వపడేవాడు. చిటికెన వేలు ముడిచి, "ఒకరు అడగాల" అనేవాడు. ఉంగరపు వేలు ముడిచి, "ఇంకొకరు సరేననాల, ఆ అనేది అడిగినోడికి తెలియాల" అనేవాడు. నడివేలు ముడిచి, "ఇచ్చేదొకటీ, పుచ్చుకునేదొకటీ ఉండాల. ఊరికే ఇస్తానంటే ఆ మాట కోర్టులో నిలబడదు." చూపుడు వేలు ముడిచి, "ఇద్దరూ వయసొచ్చినోళ్ళయి ఉండాల, బుద్ధి సరిగ్గా ఉన్నోళ్ళయి ఉండాల." చివరికి బొటనవేలు. "బెదిరించో మోసం చేసో సరేననిపించుకుంటే అది సరే కాదు. మనసొప్పి అనాల." అయిదూ ముడిచాక పిడికిలి ఎత్తి చూపి, "చేసే పని చట్టం ఒప్పుకునేదై ఉండాల. అప్పుడే ఇంత గట్టిగా ఉంటాది ఒప్పందం" అనేవాడు. పదకొండేళ్ళ హులిగెమ్మ ఆ పిడికిలిని రెండు చేతులతో విప్పడానికి ప్రయత్నించేది. విడిపోయేది కాదు.

ఒకసారి ఆమె అడిగింది. "నాయనా, పిల్లోళ్ళ మాట చెల్లదు, పిచ్చోళ్ళ మాట చెల్లదు. మరి ఆడోళ్ళ మాట?" నారాయణ మరునాడు వకీలు గారి పుస్తకం ఇంటికి తెచ్చుకుని, ఆ పుట తీసి, వేలుపెట్టి రెండుసార్లు చదివాడు. ఆయన మొహం ఇప్పటికీ ఆమె కళ్ళకు కడుతుంది. దొంగ ఎక్కడో దాక్కున్నాడేమోనని ఇల్లంతా వెతికినవాడిలా ఉంది. "ల్యా అమ్మీ. మాట చెల్లనోళ్ళలో ఆడోళ్ళని యాడా రాయల్యా" అన్నాడు. ఇంకో సంగతి కూడా అప్పుడే చెప్పాడు. ఒకడు ఇంకొకడికి జాబు రాశాడట, 'నీ గుర్రాన్ని ఇంతకు కొంటాను, నువ్వేం జవాబు రాయకపోతే ఇచ్చినట్టే అనుకుంటాను' అని. అవతలివాడు జవాబు రాయలేదు. కోర్టు ఏమన్నది? గుర్రం అమ్ముడుపోలేదన్నది. "నోరు మూసుకున్నోడు ఒప్పుకున్నట్టు కాదమ్మీ. ఇది గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకుంది. మూడేళ్ళ తర్వాత, ఆమెకు పద్నాలుగు నిండిన ఏడు, వీధిగదిలో పెద్దలు కూర్చుని వక్కాకు మార్చుకుంటుంటే, తలుపు వెనకాల నిలబడి ఆమె విన్నది. మగపెళ్ళివారిలో ఒక ముసలాయన మర్యాదకు అడిగాడు, "పిల్ల ఏమంటాదప్పా?" అని. నారాయణ, ఆ అయిదు వేళ్ళ నారాయణ, నవ్వుతూ అన్నాడు. "ఏమంటాది? ఏం పలకల్యా గదా. సరేనన్నట్టే."

పెళ్ళి ఇష్టం లేక కాదు ఆమె ఏడ్చింది. అసలు ఇష్టమో కాదో అనుకోవడానికి కూడా ఎవరూ సందు ఇవ్వలేదు. గుర్రానికున్న న్యాయం తనకు లేదని తెలిసి ఏడ్చింది. చట్టం అంగట్లో ఉంటుందని, ఇంటికొచ్చేటప్పుడు మగవాళ్ళు దాన్ని చెప్పులతోపాటు బయట విడిచి వస్తారని ఆ రోజు ఆమెకు అర్థమైంది. ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఆమె పలకలేదు. ఆమె కాళ్ళ కడియాలు తాకట్టు పెట్టి కాడెద్దు తెచ్చారు, పలకలేదు. చెల్లెలి పెళ్ళికి విత్తనాల పని ఉందని పంపలేదు, పలకలేదు. నాయన పోయినప్పుడు మూడో రోజుకే బండి పంపి పిలిపించారు, పలకలేదు. నరసింహ మంచివాడే. తాగడు, కొట్టడు, జాతరకు పోతే గాజులు తెస్తాడు. ఊళ్ళో అందరూ ఆమెను అదృష్టవంతురాలంటారు. ఆ మాటకూ ఆమె పలకలేదు. ఇన్ని పలకకపోవడాలనూ ఈ ఇల్లు ఇన్ని సరేలుగా పోగుచేసుకుని కూర్చుందని ఇవాళ తెలుస్తుంటే కోపం వచ్చింది. ఆయన మీద ఎంతో తన మీద అంతే వచ్చింది.

నరసింహ స్నానం చేసి వచ్చి సంగటి ముందు కూర్చున్నాడు. ఆమె గిన్నె పెట్టి, పక్కనే కూర్చుని, నోరు తెరిచింది.

"ఇంటాండావా. పొడిగా వలిస్తే ఒక మనిషికి మూట నిండేదానికి తొమ్మిది దినాలు పడతాది. ఇరవై మూటలు నా వల్ల కాదు. వరమ్మ వాళ్ళను అయిదుగురిని కూలికి పిల్చుకుంటే పన్నెండు అయితాయి. శెట్టికి పొయ్యి పన్నెండని చెప్పిరా."

ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఇచ్చిన మాట మార్చమంటావా? పెండ్లాం ఒప్పుకోల్యా అని మండీలో చెప్పాల్నా నేను?"

"నా చేతుల మాట నువ్వెట్ల ఇస్తావు?"

"ఇంట్లో పెండ్లాంతో గూడా బేరమాడాల్సొచ్చెనా!" అని ఆయన తల్లివైపు చూశాడు. తిరుపతమ్మ అందుకుంది. "మొగోడు మాటిచ్చొచ్చినాంక ఆడది ఎనక్కి గుంజితే ఇంటి పరువేం గావాల? నేను నలభై ఏండ్లు వలిస్తి. ఒక్కనాడన్నా ఎన్ని మూటలని అడిగినానా?" ఆ మాట అంటూ ఆమె తన వంకర వేళ్ళను చీర కొంగులో దాచుకుంది. ఎందుకు దాచుకుందో బహుశా ఆమెకు కూడా తెలియదు.

మరునాడు పొద్దున్నే నరసింహ వరమ్మనూ, ఇంకో అయిదుగురినీ పిల్చుకొచ్చి, పెరట్లో బుడ్డల కుప్ప మీద కడవలతో నీళ్ళు చల్లించాడు. చర్చి వీధి నుంచి కూలికొచ్చే వరమ్మ ఈ పనిలో పండిపోయిన మనిషి. ఆమె కర్ర పట్టుకుని హులిగెమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "అమ్మా, ఇది విత్తనానికా, నూనెకా?" అని అడిగింది. హులిగెమ్మ చేటలో తన వంతుగా కొన్ని పొడి కాయలు పోసుకుని అరుగు మీదకు పోయి కూర్చుంది. తడి కుప్పలో చెయ్యి పెట్టనని చెప్పింది. నరసింహ "నీ యిష్టం" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట ఆమెకు దక్కడం అదే మొదలు. అదీ కోపంతో దక్కింది.

పదిహేను రోజులు గడిచాయి. పెరట్లో కర్రల చప్పుడు, అరుగు మీద టప్పు టప్పున బొటనవేలి చప్పుడు. ఆమె ఒంటరిగా వలిచింది ఒకటిన్నర మూట. తడిసినవి పైపైన ఆరబోసి, ఇరవై మూటలకూ నోళ్ళు తెరిచి పెట్టారు. శెట్టి మరునాడు బండి కట్టుకుని వస్తాడని కబురొచ్చింది. ఆ మధ్యాహ్నం హులిగెమ్మ బావి నుంచి వచ్చేసరికి ఆమె ఒకటిన్నర మూట ఖాళీగా ఉంది. నరసింహ ఇరవై మూటల నోళ్ళలోనూ పైన బెత్తెడు మందాన ఆమె పొడి గింజలు పరిచి, చేత్తో చదును చేస్తున్నాడు.

ఆమె బిందె దించకుండా నిలబడిపోయింది. ఆయన ఆమె మొహం చూడకుండా అన్నాడు. "ఈ ఒక్కసారికే. మాట పోకూడదని చేస్తాండా. నువ్వేం చెయ్యొద్దు. నోరు మూసుకోనుంటే చాలు."

మరునాడు రామకృష్ణ శెట్టి వచ్చాడు. బక్కపలచని మనిషి, మాట మెత్తన. అరుగు మీద మంచం వేశారు. ఆయన నడుముకు కట్టుకున్న తెల్లగుడ్డ మూట విప్పి మచ్చు గింజలు అరచేతిలో పోసుకున్నాడు. నెల కిందట హులిగెమ్మ వలిచిచ్చిన పిడికెడు అవి. మూట నోట్లోంచి నాలుగు గింజలు తీసి పక్కన పెట్టి చూశాడు. ఒకటి కొరికాడు. రెండో మూట, మూడో మూట, నాలుగోది. "నరసింహ విత్తనమంటే నరసింహ విత్తనమేనప్పా. రైతులు ఇప్పటికే నా అంగడి ముందర కూర్చోనుండారు" అన్నాడు సంతోషంగా. మంచం మీద కూర్చుని చెయ్యి చాచాడు. నరసింహ భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతుల మీదా కప్పాడు.

"మబ్బులు పడతాండాయి గదా ఈసారి ముందే," అన్నాడు శెట్టి.

"పడతాండాయి," అన్నాడు నరసింహ.

హులిగెమ్మ గడప లోపల నిలబడి తువ్వాలు కదలడం చూస్తోంది. దాని కింద వేళ్ళు ఏం మాట్లాడుకుంటున్నాయో తెలియదు. కానీ అవి మాట్లాడుకుంటున్నది తన గురించేనని తెలుసు. ఇప్పుడు పలకకపోతే? ఇంతకుముందు పలకనిదంతా తనమీదే పడింది, తన కడియాలు, తన చెల్లెలి పెళ్ళి, తన వేళ్ళు. ఈసారి పలకకపోతే ఎవరెవరి మీద పడుతుందో ఆమెకు కనిపిస్తోంది. ఏ తుగ్గలి పక్కనో, ఏ మద్దికెర పక్కనో ఒక మనిషి తొలివానకు నాగలి కట్టి, వెనకాల ఆయన పెండ్లాం ఒడి నిండా ఈ గింజలు పోసుకుని సాలులో ఒక్కొక్కటే జారవిడుస్తుంది. నరసింహ విత్తనం కదా అని ధైర్యంగా. పదిరోజుల తర్వాత ఆ సాలులో ఏమీ ఉండదు. ఆ ఏడు వాళ్ళ ఇంట్లో ఏమీ ఉండదు. తన సరే లేకుండా జరిగినవి చాలా ఉన్నాయి, కానీ దీనికి మాత్రం తన సరే కావాలని ఆయనే అడిగాడు, నోరు మూసుకొమ్మని. భయం వేసింది. ఆదోనిలో ఇప్పుడు నాయన లేడు, పొమ్మంటే పోవడానికి ఇల్లు లేదు.  బొటనవేలి గుడ్డ ముడి గట్టిగా నొక్కుకుని నోరు తెరిచింది.

"శెట్టన్నా, మూటలో మోచేతిదాకా చెయ్యి పెట్టి చూడు."

తువ్వాలు కదలడం ఆగిపోయింది.

శెట్టి లేచాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, దగ్గరున్న మూటలో మోచేతిదాకా దించాడు. బయటికి తీసిన పిడికిట్లో గింజలు చెమ్మగా, పొర ఊడిపోయి, ఒకటి రెండు బూజుపట్టి ఉన్నాయి. ఇంకో మూటలోనూ అంతే. ఆయన కేకలు వేయలేదు. మచ్చు గింజలు ఒక చేతిలో, ఇవి ఒక చేతిలో పట్టుకుని నరసింహ ముందు నిలబడ్డాడు. "ఏందప్పా ఇది? పదేండ్లుగా నీ మూటల నోళ్ళు మాత్రమే చూసి తీసుకుంటాండా. చెయ్యి పెట్టి చూడాల్సిన పని ల్యాకపాయె. నీ విత్తనమని నేను ఊరూరా మాటిచ్చినా గదప్పా."

నరసింహ తల ఎత్తలేదు. పెరట్లో తొక్కులు చెరిగే చప్పుడు ఆగింది. వరమ్మ వాళ్ళు గోడ పక్కకు వచ్చి నిలబడ్డారు. తిరుపతమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది. శెట్టి గింజలు మూటలో పారేసి చెప్పులు వేసుకోబోయాడు. "మృగశిర కార్తె విత్తుకు ఇంకా పదహారు దినాలే ఉండాది. ఇప్పుడు నాకు విత్తనం యాడ దొరుకుతాది?"

"ఈడే దొరుకుతాది," అంది హులిగెమ్మ.

గడప దాటి అరుగు మీదకు వచ్చింది. శెట్టి వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ తువ్వాలు కోసం చెయ్యి చాచి, ఎదురుగా ఉన్నది ఆడమనిషని గుర్తొచ్చి, ఆ చేతిని ఏం చేయాలో తెలియక చెవి గోక్కున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో సగం భయం పోయింది.

"తువ్వాల మంచం మీదనే ఉండనీ అన్నా. నేను నోటితోనే చెప్తా, అందరూ విననీ. ఇరవై కాదు, ఎనిమిది. మచ్చు ఎట్ల ఉండాదో అట్లనే. చుక్క నీళ్ళు తగలవు. మృగశిరకు రెండు దినాల ముందు నీ బండి రానీ. ప్రతి మూటలోనూ మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసుకో. ఒక్క దాంట్లో తేడా వచ్చినా ఎనిమిదీ వదిలిపెట్టి పో." ఆమె వేళ్ళు ఒకటొకటిగా ముడుస్తోంది, ఏ వేలు దేనిదో తప్పిపోయి మళ్ళీ మొదటికి వచ్చింది. నాయన ఉంటే కసురుకునేవాడు. "ఇంకోటి ఉండాది. వలుపుడు కూలి విడిగా. వరమ్మకెంతో ఆ అయిదుగురికీ అంతే, నాకూ అంతే. నా కూలి నా చేతికే. ఇప్పుడు నువ్వు సరేనంటావో ల్యాదంటావో చెప్పు. ల్యాదంటే కోపం ల్యా."

గోడ పక్కన వరమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటి ఆడదానికి కూలి అనే మాట ఆ వీధి ఎప్పుడూ విని ఉండదు. శెట్టి కాసేపు ఆమె కట్టు కట్టిన బొటనవేలినీ, తన అరచేతిలోని మచ్చు గింజలనూ మార్చి మార్చి చూశాడు. "ఇవి నువ్వు వలిచినవేనామ్మా?"

"పదేండ్లుగా నువ్వు తీసుకునేటివన్నీ."

"ఇన్నాళ్ళూ పేరు ఆయప్పదంటిమే." నరసింహ వైపు ఒకసారి చూసి శెట్టి గింజలు మళ్ళీ తెల్లగుడ్డలో కట్టాడు. "సరే. ఎనిమిది. నువ్వు చెప్పినట్లే. సరేనమ్మా, నేను ఒప్పుకుంటాండా." అని సంచిలోంచి వక్కాకు తీసి, పాత అలవాటే, నరసింహ వైపు చాచాడు.

"ఉండన్నా," అంది హులిగెమ్మ. "బుడ్డలు పండింది ఆయప్ప చేన్లో. ఆయప్ప ఒప్పుకోవాల."

"ఆయప్పేం అనల్యా గదమ్మా. ఒప్పుకున్నట్లే గదా."

"పలకకపోతే ఒప్పుకున్నట్టు కాదు." ఆ మాట ఆమె శెట్టితో అనలేదు, భర్తను చూస్తూ అంది. గొంతులో కోపం లేకపోవడం ఆమెకే ఆశ్చర్యం. తనకు ఎవరూ ఇవ్వనిది ఇంకొకరికి ఇస్తుంటే లోపల ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు తెలియదు. "ఆయప్పను అడుగు. ఆయప్ప నోటితో చెప్పేదాకా ఆగుదాం. ల్యాదంటే ల్యాదు."

అందరూ ఆగారు. ఊరందరి ముందు తలవంచుకున్న మగవాడి మాట కోసం అంతమంది ఎదురుచూడటం నరసింహ ఎరుగడు. మొదట ఆయన మొహంలో కోపం వచ్చింది. తర్వాత కోపం నిలవడానికి చోటు చాలక అది పోయింది. ఆయన మూటల వంక చూశాడు, గోడ పక్కన ఆడవాళ్ళను చూశాడు, చివరికి పెండ్లాం బొటనవేలిని చూశాడు. మురికి గుడ్డపీలిక, మధ్యలో గోధుమరంగు మరక. పదిహేను రోజులుగా అది అక్కడే ఉంది.

"తప్పు చేస్తి శెట్టీ," అన్నాడు. "తడిసినవి గానుగకు తోలతా. ఆమె చెప్పినదానికి నేను ఒప్పుకుంటాండా." చాచిన వక్కాకును ఆయన అందుకోలేదు. "మాటిచ్చింది నేను గాదు. ఆమెకియ్యి."

శెట్టి వక్కాకు ఆమె చేతికి ఇవ్వలేక, అరుగు మీది ఆమె చేటలో పెట్టాడు. హులిగెమ్మ వంగి చేటలోంచి తీసుకుంది. తమలపాకు చల్లగా తగిలింది చిట్లిన చర్మానికి. నాయన చేతికి ఆనాడు వీధిగదిలో తగిలింది ఇంతే చల్లగా ఉండి ఉంటుంది కదా అనుకుంది, మనసు చివుక్కుమంది, అయినా వక్కాకును గట్టిగానే పట్టుకుంది. వెనకాల తిరుపతమ్మ గొంతు సవరించుకుంది. "ఏమే, కూలి అందరికీ సమానమంటివే. నా వేళ్ళు వంకరపోయినా దినానికి రెండు సేర్లు వలుస్తా. నన్ను గూడా లెక్కేసుకుంటావా, ల్యా?" వరమ్మ పకపకా నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు, నరసింహ తప్ప.

బండి వెళ్ళిపోయింది. పొద్దు వాలేసరికి పెరట్లో కొత్త పొడి కుప్ప పోశారు, తడి మూటలు ఒక పక్కకు చేర్చారు. హులిగెమ్మ ఈసారి అరుగు మీద కూర్చోలేదు. చేట తీసుకుపోయి పెరట్లో వరమ్మ పక్కనే వేసుకుంది. వరమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది. కాసేపటికి నరసింహ వచ్చాడు. చుట్టుపక్కల తచ్చాడాడు. ఒక బుడ్డ తీసుకుని బొటనవేలితో నొక్కాడు. కాయ పగల్లేదు. గట్టిగా నొక్కితే గింజ రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. దాన్ని ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసి, నోట్లో వేసుకున్నాడు.

"రేపట్నుంచి వీళ్ళందరికీ మధ్యానం సంగటి కావాల గదా," అన్నాడు ఆమె వైపు తిరక్కుండా. "వలుస్తా వలుస్తా నువ్వే వండల్యావు. మా పెద్దమ్మను పిల్చుకొద్దామనుకుంటాండా. నీకు సరేనా?"

పందొమ్మిదేళ్ళలో ఆయన ఆమెతో అన్న మాటల్లో చివర ప్రశ్న ఉన్నవి తక్కువ. అన్నం ఉందా, నీళ్ళు కాగినాయా, అంతే. ఈ ప్రశ్న చాలా చిన్నది, సంగటి గురించి. అయినా ఆమె చేతిలో కాయ పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. జవాబు ఆమె దగ్గర ఉంది. ఆయన పెద్దమ్మ చేతి సంగటి ఆమెకు ఇష్టమే. కానీ జవాబుకూ ప్రశ్నకూ మధ్య ఉన్న ఈ జాగా తనదని, ఇందులో తాను కావలసినంతసేపు కూర్చోవచ్చని ఇప్పుడే తెలిసింది. తెలిసిన వెంటనే లేచిపోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

నరసింహ కాలు మార్చి నిలబడ్డాడు. "పలకవేందే? సరేననుకోమంటావా?"

"అనుకోవద్దు," అంది హులిగెమ్మ, కాయ నోరు మెల్లగా తెరుస్తూ. "చెప్తా, కూర్చో."